శ్రవణమే తొలి భక్తి
(ధనుర్మాస ప్రారంభమునకు ముందు దేవస్థాన మంటపములో చేసిన ప్రసంగ పాఠము)



ధనుర్మాసము సమీపించినది. ఏటేటా ఈ నెల రోజులు తెల్లవారుజామున నాలుగున్నర గంటలకు మన గోపురము మీది లౌడ్ స్పీకర్లు మ్రోగెడివి. ఊరంతయు తిరుప్పావైతో మేల్కొనుచున్నదని మనము సంతోషించుచుండెడివారము. ఈ సంవత్సరము ఆ స్పీకర్లు మ్రోగవు. వాటిని క్రిందికి దింపించినాము. ఈ సంగతి తెలిసినప్పటి నుండి భక్తులలో కొందరు నొచ్చుకొన్నారు, కొందరు కోపించినారు. "దేవుని నామమునకు కూడ గడియారము పెట్టితిరా?" అని ఒక పెద్దాయన మమ్ములను ముఖము మీదనే అడిగినారు. వారి బాధలో భక్తి ఉన్నది. కావున దానికి సమాధానము చెప్పుట మా విధి. నేటి ప్రసంగమును ఆ సమాధానమునకే వినియోగించుచున్నాము.

శ్రీమద్భాగవతము సప్తమ స్కంధములో హిరణ్యకశిపుడు తన కుమారుని పిలిచి, గురువుల వద్ద ఏమి నేర్చితివని అడుగును. అప్పుడు ప్రహ్లాదుడు తొమ్మిది విధములైన భక్తిని వరుసగా చెప్పును. ఆ తొమ్మిదింటిలో మొదటిది శ్రవణము, రెండవది కీర్తనము. ఈ క్రమమును మనమెల్లరము కంఠస్థము చేసినవారమే కాని, దానిని ఆలోచించినవారు తక్కువ. నాలుకకు ముందు చెవి వచ్చినది. పాడుటకు ముందు వినుట వచ్చినది. వినుట రానివాడు పాడినచో అది భక్తిలో ఎంతవరకు చేరునో మనమే యోచించుకొనవలెను. పైగా వినుట అనగా పురాణమును వినుట మాత్రమే కాదు. పక్కవాని బాధను వినుట కూడ శ్రవణమే. ఆ చెవి మూసికొనిపోయినప్పుడు ఏమి జరుగునో చెప్పుటకు మరి ఎవరి తప్పునో ఎత్తిచూపము. మా తప్పునే మీ ముందుంచుచున్నాము.

గత సంవత్సరము కార్తిక మాసములో ఈ మంటపములోనే ఏకాహము జరిగినది. ఇరువది నాలుగు గంటల అఖండ నామ సంకీర్తన. నలుదిక్కులా స్పీకర్లు కట్టించితిమి. రాత్రి రెండు గంటల వేళ దేవస్థానము వెనుక వీధిలో ఉండు ఆర్టీసీ డ్రైవరు ఒకరు వచ్చినారు. చేతులు జోడించి నిలబడి, "అయ్యగారూ, నామము ఆపమని అడిగే పాపం నాకొద్దు. ఆ బయట స్పీకర్లు మాత్రం కాస్త తగ్గించండి. పొద్దున నాలుగున్నర బస్సు నాది. నిన్న కూడా డ్యూటీలోనే ఉన్నాను. కన్ను మూతపడితే వెనకాల యాభై మంది ఉంటారు" అన్నారు.

మేము తగ్గించలేదు. మాలో ఒకరు, "భగవన్నామము వినలేని వాడవు చెవులలో దూది పెట్టుకొని పడుకో నాయనా" అన్నారు. కొందరు నవ్వినారు. ఆయన మారు మాట లేకుండ వెళ్ళిపోయినారు. స్వామి దయ వలన ఆ ఉదయము ఆ బస్సు క్షేమముగనే గమ్యము చేరినది. కాని ఆ నాటి నుండి ఆయన ఈ గడప తొక్కలేదు. ఆయన ఇల్లాలు వచ్చి అర్చన చేయించుకొని వెళ్ళుచుండిరి. ఆమె మమ్ములను ఏమియు అనలేదు. అనకపోవుట చేతనే మాకు నిద్ర పట్టలేదు. ఇరువది నాలుగు గంటలు నామము పలికిన నోటితో ఆ ఒక్క మాట కూడ పలికితిమి. ఆ ఏకాహ ఫలములో మాకు ఎంత మిగిలినదో ఆ స్వామికే తెలియును.

ఆ తరువాతనే మేము చట్టము ఏమి చెప్పుచున్నదో తెలిసికొన మొదలిడితిమి. తెలిసికొన్నది మీకును చెప్పుట మంచిది. ఏలయనగా, "మైకు పెట్టరాదట" అను మాటయే ఊరిలో తిరుగుచున్నది కాని, అసలు నియమమేమో చాలమందికి తెలియదు.

పర్యావరణ పరిరక్షణ చట్టము 1986లో వచ్చినది. దాని క్రింద 2000వ సంవత్సరము ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము శబ్ద కాలుష్య నియంత్రణ నియమములను ప్రకటించినది. ఇవి దేశమంతటికిని వర్తించును. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలోని ప్రతి పట్టణమునకును, ప్రతి పల్లెకును వర్తించును. ఉదయము 6 గంటల నుండి రాత్రి 10 గంటల వరకు పగలనియు, రాత్రి 10 నుండి ఉదయము 6 వరకు రాత్రి అనియు లెక్క. నివాస ప్రాంతములలో శబ్దము పగటివేళ 55 డెసిబెళ్ళకు, రాత్రివేళ 45 డెసిబెళ్ళకు మించరాదు. వ్యాపార ప్రాంతములలో పగలు 65, రాత్రి 55. పారిశ్రామిక ప్రాంతములలో పగలు 75, రాత్రి 70. ఆసుపత్రులు, విద్యాలయములు, న్యాయస్థానముల చుట్టును నిశ్శబ్ద మండలములుగా ప్రకటింపబడిన చోట్ల పగలు 50, రాత్రి 40 మాత్రమే.

డెసిబెల్ లెక్క మన తూకపు లెక్క వంటిది కాదు. 10 పెరిగినచో శబ్ద తీవ్రత పది రెట్లగును. 20 పెరిగినచో నూరు రెట్లగును. ఇద్దరు మనుష్యులు ఎదురెదురుగ కూర్చుండి మామూలుగ మాటలాడుకొనునప్పుడు సుమారు 60 డెసిబెళ్ళు ఉండును. అనగా రాత్రివేళ నివాస ప్రాంతమునకు చట్టము అనుమతించినది ఆ మాటల కంటె చాల తక్కువ. ఒక ఇంటిలోని మాట పక్క ఇంటి నిద్రను చెరుపరాదని దాని భావము.

లౌడ్ స్పీకరు పెట్టవలెనన్నచో అధికారుల నుండి వ్రాతపూర్వకమైన అనుమతి ముందుగనే పొందవలెను. రాత్రి 10 నుండి ఉదయము 6 వరకు అనుమతియే లేదు. తలుపులు మూసిన సభాభవనముల వంటి చోట్ల లోపలి వారికి మాత్రము వినబడునట్లు వాడుకొనుటకును, ప్రజలకు ఆపద కలిగిన సమయములకును మాత్రము మినహాయింపు కలదు. మన మంటపము మూడు వైపుల తెరచి ఉన్నది. దీనిని మూసిన భవనమని చెప్పుకొని మనలను మనము మోసగించుకొనలేము. పండుగలు, ఉత్సవముల విషయములో, సంవత్సరమునకు 15 దినములు మించకుండ రాత్రి 10 నుండి 12 వరకు రాష్ట్ర ప్రభుత్వము సడలింపు ఇయ్యవచ్చును. ఆ సడలింపు ప్రభుత్వము ఇయ్యవలసినది. మన కమిటీ కూర్చుండి తీర్మానించుకొనవలసినది కాదు. పగటివేళ అనుమతి ఉన్నను, మన ఆవరణ సరిహద్దు వద్ద శబ్దము ఆ ప్రాంతపు పరిమితికి 10 డెసిబెళ్ళు గాని, మొత్తము మీద 75 గాని, ఏది తక్కువయో దానిని దాటరాదు. మనది నివాస ప్రాంతము కావున పగటి లెక్క 65 వద్ద ఆగును.

ఇది క్రొత్తగా పుట్టిన ఆంక్షయని తలంపకుడు. 1861 నాటి పోలీసు చట్టములోనే పండుగలకు, ఉత్సవములకు వీధులలో వాద్యములు ఎంతవరకు మ్రోగవచ్చునో నిర్ణయించు అధికారము పోలీసులకు ఈయబడినది. అప్పటికి లౌడ్ స్పీకరు పుట్టనేలేదు. డప్పులు, సన్నాయిలు మాత్రమే ఉన్న కాలమునందే హద్దు అవసరమయ్యెను.

ఇక, "మన ఆచారమునకు అడ్డుపడు చట్టము ఇతరులకు ఉన్నదా?" అను ప్రశ్న. ఇది చాలమంది నోట వచ్చుచున్నది. దీనిని దాటవేయము.

2000 ఆగస్టులో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పినది. చెన్నైలోని ఒక క్రైస్తవ ప్రార్థనా మందిరమునకును, ఆ పక్క కాలనీ నివాసుల సంఘమునకును మధ్య వచ్చిన వివాదమది. మైకులతో, డ్రమ్ములతో ప్రార్థన సాగుచున్నదని నివాసులు మొర పెట్టుకొన్నారు. ఇతరుల శాంతిని భంగపరచి ప్రార్థింపుమని ఏ మతమును చెప్పలేదనియు, శబ్ద సాధనములతోనే ప్రార్థన సాగవలెనని ఏ మతమును బోధింపలేదనియు న్యాయస్థానము భావించినది. ఆ తీర్పును ఇతర మతమునకు తగిలిన దెబ్బగ చూచినయెడల మనము దానిని చదువనట్లే. ఆ మందిరము స్థానములో మన భజన మందిరమున్నను తీర్పు అదియే. మత స్వాతంత్ర్యమును ఇచ్చిన రాజ్యాంగము 25వ అధికరణము ఆ స్వాతంత్ర్యమును ప్రజా శాంతికి, నైతికతకు, ఆరోగ్యమునకు లోబరచియే ఇచ్చినది. అందరికిని ఒకటే కొలత. ఇతరులు పాటించినప్పుడు మనము పాటింతుమనుట ధర్మము కాదు, బేరము. ఎదుటివాడు సత్యము పలికినప్పుడే తాను పలుకుదునని హరిశ్చంద్రుడు అనినచో ఆయన కథ మనకు మిగిలెడిదా?

మరియొక తీర్పు కలదు. దానిని చెప్పుటకు మాకు నోరు రాదు. అయినను చెప్పవలసి ఉన్నది. 1998 జనవరి మొదటి దినములలో ఢిల్లీలో పదమూడేండ్ల బాలిక ఒక్కతె దుర్మార్గుని చేత చిక్కినది. ఆ బిడ్డ కేకలు వేసినది. సమీపమున లౌడ్ స్పీకరులో సంగీతము హోరెత్తుచుండెను. ఆ హోరులో ఆమె కేక ఎవరికిని వినబడలేదు. ఆ సాయంకాలమే ఆ బిడ్డ తనకు తాను నిప్పంటించుకొని మరణించినది. పత్రికలలో వచ్చిన ఆ వార్తను చదివి ఒక ఇంజనీరు సుప్రీంకోర్టును ఆశ్రయించినారు. ఏడేండ్ల విచారణ తరువాత 2005 జూలై 18న ప్రధాన న్యాయమూర్తి ఆర్.సి. లాహోటి, న్యాయమూర్తి అశోక్ భాన్ గార్ల ధర్మాసనము తీర్పు చెప్పినది. ప్రశాంతముగ జీవించుట జీవించు హక్కులో భాగమనియు, మాటలాడు స్వాతంత్ర్యము ఉన్నదని చెప్పి వినుటకు ఇష్టపడని వాని చెవిలో మన శబ్దమును బలవంతముగ దూర్చు హక్కు ఎవరికిని లేదనియు ఆ తీర్పు సారాంశము.

భక్తులారా! ఇచ్చట ఒక్క క్షణము ఆగి మన భాగవతమును తలచుకొందము. మొసలి నోట చిక్కిన గజేంద్రుడు ఎంతో కాలము పోరాడి బలము ఉడిగి, చివరకు శ్రీహరిని పిలిచినాడు. అప్పటికి ఆయనలో గట్టిగ అరచు శక్తి లేదు. ఆ క్షీణ స్వరము ఎక్కడి మడుగు నుండి ఎక్కడి వైకుంఠమునకు వినబడినది! స్వామి లక్ష్మీదేవితోనైనను చెప్పకుండ, ఆయుధములనైనను తలంపకుండ పరుగున వచ్చినాడని మన పోతనామాత్యుడు వర్ణించినాడు. మన స్వామి గొప్పతనము ఆ చెవిలో ఉన్నది. బలహీనుని మొర వినుటకై తన వైకుంఠమునే మరచిన దేవుడాయన. ఆయన సేవకులమని చెప్పుకొను మనము, పక్కింటి మొర వినబడకుండ చేయు హోరును ఆయన పేరిట పెట్టవచ్చునా? ఆ ఢిల్లీ వీధిలో మ్రోగినది దైవ కీర్తనమో, మరి యేదో మేము చెప్పలేము. ఏదైనను ఆ బిడ్డకు తేడా లేదు. మన మైకు మ్రోగునప్పుడు మన వీధిలో ఏ ఇంట ఎవరికి గుండె నొప్పి వచ్చి పిలుచుచున్నారో, ఏ బావి వద్ద ఏ పసివాడు జారిపడుచున్నాడో మనకేమి తెలియును?

శాస్త్రము దృష్ట్యా చూచినను గట్టితనమునకు గొప్పతనము లేదు. జపము మూడు విధములు. పైకి వినబడునట్లు చేయునది వాచికము. పెదవులు మాత్రము కదలునట్లు చేయునది ఉపాంశువు. మనస్సులోనే చేయునది మానసము. విధియజ్ఞము కంటె జపయజ్ఞము పది రెట్లు, ఉపాంశువు నూరు రెట్లు, మానసము వేయి రెట్లు అధికమని మనుస్మృతి చెప్పుచున్నది. శబ్దము తగ్గిన కొలది ఫలము పెరిగినది.  గీతలో భగవానుడు యజ్ఞములలో జపయజ్ఞమును తానే అన్నాడు. రహస్యములలో మౌనమును తానే అన్నాడు. లోకమును ఎవడు కలవరపెట్టడో, లోకము చేత ఎవడు కలవరపడడో వాడు తనకు ప్రియుడని భక్తియోగములో చెప్పినాడు. దక్షిణామూర్తి మౌనముతోనే శిష్యుల సంశయములు తీర్చినాడు.

నాదము వద్దని మేము చెప్పుట లేదు. ఘంట, శంఖము, నాదస్వరము, డోలు లేని దేవాలయమును ఊహింపజాలము. అవి మనిషి ఊపిరికి, మనిషి చేతికి లోబడిన శబ్దములు. ఘంట కొట్టు చేయి అలసిపోవును, ఆగును. సన్నాయి ఊదువాడు ఊపిరి తీసికొనును. మర శబ్దమునకు అలసట లేదు. ఆపు విజ్ఞత మనకే ఉండవలెను. హారతి వేళ డోలు వాయించువారు దొరకక మోటారుతో మ్రోగు నగారాలను ఎన్నో గుడులలో పెట్టుకొన్నాము. అది మ్రోగుచుండగ అర్చకస్వామి మంత్రము ఆయనకే వినబడదు. ఇక మనకేమి వినబడును?

ఇప్పుడు తిరుప్పావై సంగతికి వచ్చెదము. ఆండాళ్ తల్లి ముప్పది పాశురములు పాడినది. వాటిలో ఆరవ పాశురము నుండి పదునైదవ పాశురము వరకు పది పాశురములలో గోపికలను మేల్కొలుపుట కనబడును. ఎట్లు మేల్కొలిపినది? ఊరి నడుమ నిలిచి ఒక్క కేక వేయలేదు. ఒక్కొక్క చెలి వాకిటికి నడచి వెళ్ళినది. ఈ చెలి స్వభావమేమి, ఆ చెలికి ఏ మాట చెప్పిన లేచునని తెలిసికొని, నవ్వించి, నిష్ఠురమాడి, బతిమాలి లేపినది. పది ఇండ్లకు పది మాటలు. లేచినవారు అలిగి లేవలేదు. తమను విడిచి వెళ్ళలేదను సంతోషముతో లేచినారు. మనము ఒక్క మీట నొక్కి వేయి ఇండ్లను లేపి, తిరుప్పావై జరిపితిమనుకొంటిమి. ఆండాళ్ నడచిన నడక మనము నడువలేదు.

సుప్రభాతము కూడ అటువంటిదే. అది స్వామిని మేల్కొలుపు సేవ. స్వామి అర్చకునికి నాలుగు అడుగుల దూరములో ఉన్నాడు. ఆయనను మేల్కొలుపుటకు గోపురము మీద స్పీకరు ఎందులకు? రాత్రి అయినంతనే ఆయనను పవళింపజేయుదుము. తిరుమలలో ఏకాంత సేవ జరుగును. తాళ్ళపాక అన్నమాచార్యుల వారి లాలి పాట వినిపింతురు. దీపములు తగ్గింతురు, తలుపులు మూయుదురు. జగత్తును కాపాడు స్వామికే నిద్ర వేళ ఒకటి ఉన్నదని మన సంప్రదాయము నేర్పినది. అది మనకు పాఠము. స్వామిని మెల్లని పాటతో పవళింపజేసి, తలుపు మూసి, బయటకు వచ్చి, ఆయన బిడ్డలను తెల్లవార్లు నిద్ర పోనీయకుండుట ఎటువంటి సేవ? కావున రాత్రి పదింటి నియమము మనకు పరాయి నియమము కానేకాదు. మన గర్భాలయములో యుగయుగములుగ ఉన్న నియమమును చట్టము వీధికి తెచ్చినది.

నిద్ర చెడుట చిన్న సంగతి కాదు. నిద్ర మాటిమాటికి తెగినచో రక్తపోటు పెరుగును, గుండె మీద భారము పడునని వైద్యులు చెప్పుచున్నారు. పెద్ద శబ్దమును చాలసేపు విన్నచో లోపలి చెవిలోని సున్నితమైన కణములు నశించును; నశించినవి తిరిగి మొలకెత్తవు. ఊరేగింపులలో డీజే బాక్సుల ముందు నడచు మన పిల్లలు తమకు తెలియకనే తమ శ్రవణేంద్రియమును పోగొట్టుకొనుచున్నారు. తొలి భక్తికి సాధనమైన ఇంద్రియమును ఉత్సవములోనే పోగొట్టుకొనుట కంటె విచారము ఏమున్నది? 2024 అక్టోబరులో హైదరాబాదు నగర పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజేలను, బాణసంచాను నిషేధించినారు. ఆ ఉత్తర్వు ఏ ఒక్క మతమునకో పరిమితము కాదు. అది వచ్చువరకు ఆగవలసిన అవసరము మనకు లేకుండెను. మనమే ముందుగ మానియుండవలసినది.

నష్టము ఏమియు లేదని చెప్పి మిమ్ములను మభ్యపెట్టము. నష్టమున్నది. దేవస్థానము ఎదుటి వీధి చివర ఒక వృద్ధురాలున్నారు. మంచము దిగలేరు. ప్రతి ధనుర్మాసములోను ఆమెకు గుడి అనగా ఆ స్పీకరులో వచ్చు పాశురమే. ఈ సంగతి తెలిసి ఆమె కంట నీరు పెట్టుకొన్నారట. ఆ కన్నీటిని మరచి తీర్మానము చేసినచో అదియు వినని చెవియే అగును. కావున ఈ నెల రోజులు మన స్త్రీ భక్తులలో ఇద్దరు వంతులవారీగ ప్రతి ఉదయము పూజానంతరము తీర్థ ప్రసాదములతో ఆమె ఇంటికి వెళ్ళి, మంచము పక్కన కూర్చుండి ఆనాటి పాశురమును చదివి వచ్చెదరు. అటువంటి వారు ఇంకెవరున్నను పేర్లు కార్యాలయములో తెలుపుడు. సంక్రాంతి నెలలో హరిదాసు తల మీద అక్షయపాత్రతో ఇంటింటికి నడచి వచ్చుట మనము చిన్ననాట చూచినదే. ఆ నడక మనము తిరిగి నేర్చుకొందము.

ఇక దేవస్థానము తీసికొన్న నిర్ణయములను వరుసగ మనవి చేయుచున్నాము. ఉదయము 6 గంటలకు ముందు, రాత్రి 10 గంటల తరువాత మైకు ఉండదు. తిరుప్పావై గోష్ఠి నోటి పాటగనే సాగును. పగటివేళ ప్రవచనములకు మంటపములో చిన్న బాక్సులు లోపలి వైపునకు త్రిప్పి పెట్టబడును. వాటికి ముందుగ వ్రాతపూర్వక అనుమతి తీసికొనబడును. ఏకాహములు, సప్తాహములు రాత్రివేళ తాళములతో, నోటితో మాత్రమే జరుగును. స్వామి ఊరేగింపులో డీజే ఉండదు. నాదస్వరము, డోలు, కోలాటము, భజన ఉండును. ఆసుపత్రి వీధి మొదలు నుండి చివర వరకు వాద్యములు ఆపి, మనస్సులో నామము చెప్పుకొనుచు నడచెదము. వివాహములకు మంటపము తీసికొనువారు ఈ నియమములను అంగీకరించి సంతకము చేయవలెను. శబ్దము వలన ఎవరికైనను ఇబ్బంది కలిగినచో కార్యాలయమునకు వచ్చి చెప్పవచ్చును. అట్లు వచ్చినవానిని దైవద్వేషియని ఎవరును అనరాదు. ఆయన మనకు శ్రవణ భక్తిని అభ్యసించు అవకాశము తెచ్చినవాడు.

గత వారము మాలో ముగ్గురము ఆ డ్రైవరు గారి ఇంటికి వెళ్ళినాము. ఆ రాత్రి మాట తప్పయినదని చెప్పినాము. ఆయన చాలసేపు ఏమియు అనలేదు. కాఫీ తెప్పించినారు. వెళ్ళివచ్చెదమని లేచినప్పుడు, "పొద్దుట గోష్ఠి ఎన్నింటికండీ? మంగళవారం నాకు డ్యూటీ ఉండదు" అని అడిగినారు. నాలుగున్నరకని చెప్పినాము. వత్తునని ఆయన చెప్పలేదు. వచ్చుట, రాకుండుట ఆయన ఇష్టము. మిగిలిన ఆరు రోజులు ఆ వేళకు ఆయన మొదటి బస్సు తీయుచుందురు. ముందు రాత్రి ఆయనకు నిద్ర దొరకునట్లు చూచుట మన వంతు.

కావున రేపటి నుండి ఈ గోష్ఠికి రాదలచినవారు గడియారము చూచుకొని లేవవలెను. స్పీకరు మిమ్ములను లేపదు. లేచినవారు పక్కింటి భక్తుని వాకిట నిలిచి మెల్లగ పిలిచి తీసికొని రండు. తలుపు తెరవనిచో విసుగుకొనకుడు. ఆండాళ్ తల్లి విసుగుకొనలేదు. మొదటి దినములలో గోష్ఠి పలుచగ ఉండవచ్చును. స్పీకరు ఉన్న రోజులలో ఊరంతయు వినుచున్నదనుకొంటిమే కాని, ఈ మంటపములో కూర్చుండి పాడినవారు పట్టుమని ఇరువది మంది లేరు. ఈ ఏడు ఇరువది ఒకరైనను మనకు పెరుగుదలయే.

మనము ప్రతి పూజ చివర శాంతి అను మాటను మూడు మారులు పలుకుదుము. మన వలన మనకు కలుగు తాపము, ఇతర ప్రాణుల వలన కలుగు తాపము, దైవము వలన కలుగు తాపము, ఈ మూడును శమించుగాక యని ప్రార్థన. వాటిలో మూడవది మన చేతిలో లేదు. మొదటి రెండును చాలవరకు మన చేతిలోనే ఉన్నవి. మన వలన పొరుగువానికి కలుగు తాపమును మనము తొలగించినచో, మిగిలినది స్వామి చూచుకొనును.

ఓం శాంతిః శాంతిః శాంతిః

స్వస్తి.